సింఫనీలు వినడానికి ఏ స్పీకర్లు కొనాలి?

ప్రశ్న: నాకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. ఎక్కువగా స్ట్రింగ్ క్వార్టెట్లు (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో), పియానో, అప్పుడప్పుడు పెద్ద సింఫనీలు వింటాను. ఇన్నేళ్లూ మామూలు స్పీకర్లతో, హెడ్‌ఫోన్లతో గడిపేశాను. జీవితంలో ఒక్కసారైనా మంచి హై ఎండ్ స్పీకర్లు కొనుక్కోవాలని డబ్బు కూడబెట్టుకున్నాను. నేను వినే గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. రెండు జతలు విని వచ్చాను. ఒకటి నిలువెత్తు ఫ్లోర్‌స్టాండర్. వినగానే ఒళ్లు జలదరించింది. రెండోది స్టాండ్ మీద పెట్టే చిన్న జత. బాగానే ఉంది గానీ మొదటిదాని ముందు చప్పగా అనిపించింది. షోరూంవాళ్లు పెద్దదే తీసుకోమంటున్నారు, ఆంప్లిఫయర్, కేబుళ్లు కూడా మార్చాలంటున్నారు. నేను వినేది చాలావరకు రాత్రిళ్లు, తక్కువ సౌండ్‌లో. ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట ‘చప్పగా అనిపించింది’ అన్నది. ఆ ఒక్క మాట మీద చిన్న జతను పక్కన పెట్టేయకండి. పెద్దదాన్ని వద్దనడం లేదు. రెండింటినీ మళ్లీ వినండి. ఈసారి మీ రికార్డింగులతో, తీరిగ్గా, వీలైతే మీ గదిలోనే వినండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే ఒక జత విని మైమరచిపోయాను. షోరూంలో వాళ్లు పెట్టింది ఒక గిటారు, ఒక గొంతు. తీగ మీటితే మీటిన గోరు కూడా వినబడింది. ఇంకేమీ ఆలోచించకుండా కొనేశాను. ఇంటికి తెచ్చాక మొదటి నాలుగు రోజులు పండగే. రెండో వారంలో ఒక సంగతి నా కంటపడింది. మొదలుపెట్టిన సింఫనీ ఏదీ నేను చివరిదాకా వినడం లేదు. రెండో మూవ్‌మెంట్ (సింఫనీలో ఒక భాగం) దగ్గరో మూడో మూవ్‌మెంట్ దగ్గరో ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి ఆపేస్తున్నాను. అసలు కారణం తెలియడానికి ఇంకో నెల పట్టింది. మొదటి వయొలిన్ల వరస అంతా కలిసి పై స్థాయికి వెళ్లినప్పుడు పట్టుగుడ్డలా సాగాల్సిన నాదం సూదుల కట్టలా చెవిలో దిగుతోంది. గిటారు దగ్గర ‘ఎంత స్పష్టంగా ఉందో’ అని నన్ను మురిపించిన గుణమే వయొలిన్ల దగ్గర నన్ను తరిమేసింది. ఆ స్పీకర్లో ట్రెబుల్, అంటే పై స్థాయి ధ్వని, ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువగా ఉంది, అంతే. ఏడాది తిరక్కుండా నష్టానికి అమ్మేశాను.

అందుకే, పక్కపక్కన పెట్టి విన్నప్పుడు చప్పగా అనిపించిన స్పీకర్ ఒక్కోసారి నిజం చెబుతున్న స్పీకర్ కావచ్చు. ట్రెబుల్ రెండు మూడు డెసిబెల్స్ (ధ్వని తీవ్రత కొలత) ఎత్తిన స్పీకర్ పక్కన సమంగా ఉన్న స్పీకర్ ఎప్పుడూ నీరసంగానే వినిపిస్తుంది. ఇంకో తిరకాసు సౌండ్ లెవెల్. ఒకే వాల్యూమ్ దగ్గర ఒక జత కాస్త గట్టిగా మోగితే, మన చెవి దాన్ని ‘గట్టిగా ఉంది’ అనుకోదు, ‘బాగుంది’ అనుకుంటుంది. ఒక్క డెసిబెల్ తేడా చాలు. రెండు జతలూ పోల్చేటప్పుడు ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, మీరు కూర్చున్న చోట రెండింటి లెవెల్ సమానం చేయించండి. మొహమాట పడకండి. కొనేది మీరు.

కంటికి కనబడేదీ చెవిని మోసం చేస్తుంది. ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్లో, ఆ తర్వాత హార్మన్ కంపెనీలో ఏళ్ల తరబడి ఈ విషయం మీద పనిచేశారు. స్పీకర్లను తెర వెనక పెట్టి వినిపిస్తే చాలామంది దాదాపు ఒకే రకం స్పీకర్లను మెచ్చుకున్నారు. ఎదురుగా కూర్చుంటే అన్ని స్థాయులూ సమంగా వినిపించేవి, పక్కలకు వెళ్లే ధ్వని కూడా ఒడిదుడుకులు లేకుండా ఉండేవి. అదే తెర తీసేసి వినిపిస్తే మార్కులు మారిపోయాయి. సైజు, రూపం, పేరు అన్నీ మధ్యలో దూరాయి. ఆ నిలువెత్తు జత ముందు మీ ఒళ్లు జలదరించినప్పుడు అందులో చెవి వాటా ఎంతో, కంటి వాటా ఎంతో మళ్లీ విన్నప్పుడే తేలుతుంది. కళ్లు మూసుకుని, ఏది మోగుతోందో తెలియకుండా ఎవరిచేతనైనా మార్పించుకుని వినండి.

ఇక ఏం వినాలి, దేనికోసం వినాలి అన్నది అసలు సంగతి.

శాస్త్రీయ సంగీతంలో మోగేవి చెక్క, తీగ, లోహం, గాలి, గొంతు. అవి నిజంగా ఎలా ఉంటాయో మనకు తెలుసు కాబట్టి స్పీకర్ అబద్ధం చెబితే దొరికిపోతుంది. పియానోలో అట్టడుగు స్వరం 27.5 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు), అన్నిటికన్నా పైది 4,186 హెర్ట్జ్. వయొలిన్ కింది తీగ 196 హెర్ట్జ్, చెల్లో కింది తీగ 65. అంటే స్వరాలన్నీ దాదాపు 4,000 హెర్ట్జ్ లోపే ఉన్నాయి, ఆ పైన ఉండేవి వాటికి రంగునిచ్చే ఉపస్వరాలు. మామూలు టూ వే స్పీకర్లలో ఊఫర్ (కింది స్థాయులు మోగించేది) పని ట్వీటర్‌కి (పై స్థాయులు మోగించేది) అప్పగించే చోటు సాధారణంగా 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మన చెవి బాగా చురుగ్గా ఉండేదీ 2,000 నుంచి 5,000 మధ్యే. అతుకు పడిన చోటే చెవి పదునుగా ఉంటుందన్నమాట. ఆ అతుకు తెలియకుండా కలిపిన స్పీకరే మంచి స్పీకర్. బేస్ ఎంత లోతుకు దిగుతుంది అన్నది దాని తర్వాతే.

దీన్ని పట్టుకోవడానికి సోలో పియానోకి మించిన పరీక్ష లేదు. వాయించేవారి చెయ్యి కింది నుంచి పైకి ఒక వరసలో వెళ్లే చోటు ఒకటి వెతికి పెట్టుకోండి. మొదటినుంచి చివరిదాకా ఒకే పియానో వినిపించాలి. మధ్యలో ఎక్కడో పియానో మారినట్టో, కొన్ని స్వరాలు ముందుకు తోసుకొచ్చినట్టో ఉంటే అతుకు సరిగ్గా కుదరలేదు. ఆ తర్వాత ఒక్క మీట నొక్కి వదిలేసిన చోట ఆ స్వరం ఎంతసేపు, ఎలా సన్నగిల్లిందో వినండి. మంచి స్పీకర్లో అది పొగలా కరిగిపోతుంది, సగంలో తెగిపోదు.

రెండో పరీక్ష మీకు ఇష్టమైన క్వార్టెట్. మొదటి వయొలిన్‌ని, చెల్లోని ఏ స్పీకరైనా వినిపిస్తుంది. రెండో వయొలిన్‌నీ, వయొలిన్‌కన్నా కాస్త పెద్దదైన వయోలానీ వెతకండి. ఆ ఇద్దరూ లోపలి గొంతులు. మొదటి వయొలిన్ పాట నడుపుతుంటే వయోలా కింద ఏం వాయిస్తోందో, ప్రయత్నపడకుండా, నాలుగు నిమిషాలు వెంట నడవగలిగారా? కమాను తీగను తాకిన క్షణంలో వచ్చే ఆ చిన్న గరుకు, వెంటనే చెక్కపెట్టె లోపల నుంచి పుట్టే నాదం, రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయా, లేక గరుకు ఒకచోటా నాదం ఒకచోటా ఉన్నాయా? పెద్ద స్పీకర్లను ముందరి వరసలో కూర్చున్నట్టు దగ్గరగా వింటే కొన్నిసార్లు ఈ ఇబ్బంది వస్తుంది. పెట్టెలో ధ్వని పుట్టించే నాలుగైదు డ్రైవర్ల శబ్దం కలిసి ఒకటి కావడానికి కాస్త దూరం కావాలి.

మూడోది రావెల్ ‘బొలేరో’. స్నేర్ డ్రమ్ మీద ఒకే తాళం వినీ వినబడనంత మెల్లగా మొదలై, పావుగంట పాటు పెరుగుతూ మొత్తం ఆర్కెస్ట్రాతో పేలిపోతుంది. మొదట డ్రమ్ము వినబడేలా వాల్యూమ్ పెట్టి, ఇక నాబ్ ముట్టుకోకండి. చివరికొచ్చేసరికి ‘తగ్గించాలి’ అనిపిస్తే అది గట్టిదనం వల్లా, గరుకుదనం వల్లా అని మిమ్మల్ని మీరే అడగండి. నిజమైన ఆర్కెస్ట్రా ఎంత గట్టిగా వాయించినా చెవి ముడుచుకోదు. స్పీకరో ఆంప్లిఫయరో శక్తి చాలక అరిచినప్పుడే ముడుచుకుంటుంది.

ఇక్కడే ఆంప్లిఫయర్ మాట. సౌండ్ 10 డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్ల పవర్ కావాలి. మెల్లగా సాగే చోట 1 వాట్ వాడుతున్న స్పీకర్, 20 డెసిబెల్స్ పైకి లేచే చోట 100 వాట్లు అడుగుతుంది. స్పీకర్ సెన్సిటివిటీ అంకె, అంటే ఇచ్చిన పవర్‌కి అది ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది, చూడండి. 84 డెసిబెల్స్ ఉన్న స్పీకర్‌కి 90 ఉన్నదానితో పోలిస్తే నాలుగు రెట్ల పవర్ కావాలి. కాగితం మీద 8 ఓమ్స్ అని రాసినా కొన్ని చోట్ల ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు, ఇది తగ్గేకొద్దీ ఆంప్‌కి భారం ఎక్కువ) 4 కన్నా కిందికి పడే స్పీకర్లు ఉన్నాయి. మీ దగ్గరున్న ఆంప్ 4 ఓమ్స్ లోడ్‌ని హాయిగా మోయగలిగితే, మీరు వినే సౌండ్‌కి అది చాలవచ్చు. ముందు దానితోనే విని చూడండి. కేబుళ్లకు మాత్రం డబ్బు తగలేయకండి. తగినంత మందంగా ఉన్న మామూలు రాగి తీగ చాలు. ఆ డబ్బుతో కచేరీలకు వెళ్లండి. నిజమైన వయొలిన్ ఎలా ఉంటుందో చెవికి గుర్తుచేయడం కన్నా మంచి పెట్టుబడి లేదు.

మీ గది గురించి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. హై ఎండ్ స్పీకర్లు కొన్నవారిలో ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే.

గదికి కూడా శ్రుతి ఉంటుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి దానితో 343ని భాగిస్తే ఆ గోడల మధ్య మోగే తొలి స్వరం తెలుస్తుంది. మీ గదిలో పొడవు వైపు 34 హెర్ట్జ్, వెడల్పు వైపు 43, ఎత్తు వైపు 57. డబుల్ బేస్ (వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద వాయిద్యం) కింది తీగ 41 హెర్ట్జ్, దాని పై స్వరం 44 దాకా వస్తుంది. అంటే డబుల్ బేసులు అడుగుకు దిగినప్పుడు సరిగ్గా మీ గది గుమ్మని మోగే చోటికి వస్తాయి. మిగతా స్వరాలు మామూలుగా ఉండి ఆ ఒకటి రెండు మాత్రం ఊగిపోతూ, పైనున్న చెల్లోలను కూడా కప్పేస్తాయి. 30 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద ఫ్లోర్‌స్టాండర్ ఈ గదిలో ఆ గుమ్ముని ఇంకా రెచ్చగొట్టవచ్చు. షోరూం గది కొలతలు వేరు, అక్కడ విన్న బేస్ మీ ఇంటికి రాదు. మీ గది బేస్ మీ గదిదే.

అలాగని మంద్రస్థాయి వద్దనుకోవాలా అంటే, వద్దనుకోలేం. రిచర్డ్ స్ట్రాస్ ‘జరతూస్త్ర’ మొదట్లో ఆర్గన్, డబుల్ బేసులు, కాంట్రబసూన్ కలిసి పట్టుకుని నిలబడే ఆ అడుగు స్వరం సుమారు 33 హెర్ట్జ్. చిన్న స్పీకర్లో అది దాదాపు ఉండదు. పైన ట్రంపెట్లు లేస్తాయి గానీ కాళ్ల కింద నేల ఉండదు. మీరు సింఫనీలు ‘అప్పుడప్పుడు’ అన్నారు కాబట్టి, నేనైతే మంచి స్టాండ్ జతతో మొదలుపెట్టి, లోటు అనిపిస్తే ఏడాది తర్వాత ఒక సబ్‌ఊఫర్ (మంద్రస్థాయి మాత్రమే మోగించే విడి స్పీకర్) కలుపుతాను. సబ్‌ఊఫర్‌తో లాభం ఏంటంటే, వయొలిన్లకు ఎక్కడ బాగుంటుందో అక్కడ స్పీకర్లను పెట్టుకుని, బేస్‌కి ఎక్కడ బాగుంటుందో అక్కడ దాన్ని పెట్టుకోవచ్చు. చోటు వెతకడానికి ఒక తేలిక మార్గం ఉంది. సబ్‌ఊఫర్‌ని మీ కుర్చీలో పెట్టి, డబుల్ బేస్ మెట్లు దిగే సంగీతం ఒకటి మోగించి, గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ఏ మూల అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తాయో అక్కడ సబ్‌ఊఫర్ పెట్టేయడమే.

స్పీకర్లను 4 మీటర్ల గోడ వైపు పెట్టి పొడవునా వినండి. గోడ నుంచి మీటరు ముందుకు, ఒకదానికొకటి రెండు మీటర్ల పైచిలుకు దూరంలో, మీకూ అంతే దూరంలో. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. గది సరిగ్గా నడిమధ్యలో కూర్చోకండి, అక్కడ 34 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. వెనక గోడకు ఆనుకునీ కూర్చోకండి, అక్కడ అదే పొంగిపోతుంది. ఈ కొలతలు ఆరంభం మాత్రమే. స్పీకర్ల వెనకున్న గోడ నుంచి తిరిగొచ్చే ధ్వని కొన్ని స్వరాలను మింగేస్తుంది. మీటరు దూరంలో అయితే అది 86 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, చెల్లోలు తిరిగే చోటు. కాబట్టి చెల్లో సొనాటా ఒకటి పెట్టుకుని, పది సెంటీమీటర్ల చొప్పున ముందుకూ వెనక్కూ జరుపుతూ వినండి. ఒకచోట చెల్లోకి ఒళ్లు వస్తుంది. నేల మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోండి.

పక్క గోడల సంగతి అద్దంతో తేలుతుంది. మీరు కుర్చీలో కూర్చుంటే ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుకుంటూ వెళ్లాలి. ఎక్కడ మీకు అద్దంలో ట్వీటర్ కనబడిందో అక్కడి నుంచే మొదటి ప్రతిధ్వని వస్తోంది. అక్కడ పుస్తకాల బీరువాయో మందపాటి పరదాయో ఉంటే చాలు. గదంతా దుప్పట్లతో కప్పేయకండి, సంగీతం చచ్చిపోతుంది. కింది స్థాయుల గుమ్ముని తగ్గించే రూమ్ కరెక్షన్ ఇప్పుడు చాలా ఆంప్లిఫయర్లలో వస్తోంది, 300 హెర్ట్జ్ లోపు అది నిజంగా మేలు చేస్తుంది. ఆ పైన వయొలిన్ల జోలికి దాన్ని పోనివ్వకండి.

చిన్న పెట్టెలంటే మీకు అనుమానం ఉన్నట్టుంది కాబట్టి ఒక సంగతి. 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యాన్లలో వాడుకోవడానికి ఎల్‌ఎస్ 3/5ఏ అనే స్పీకర్ తయారుచేశారు. ఎత్తు 30 సెంటీమీటర్లు. మనిషి గొంతు మనిషి గొంతులా వినబడాలి, అదే వాళ్ల పట్టుదల. బేస్ తక్కువ, గట్టిగా మోగదు. అయినా క్వార్టెట్లు, పాటలు వినేవాళ్లు దాన్ని అర్ధశతాబ్దంగా వదల్లేదు. బీబీసీ నుంచి బయటికొచ్చిన ఇంజనీర్లు పెట్టిన హార్బెత్, స్పెండర్, కెఫ్ కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. మధ్యస్థాయి బాగుండాలనుకునేవారు వాటిని తప్పక వినాలి. ఇంకో దారి క్వాడ్ వాళ్ల ఎలెక్ట్రోస్టాటిక్. పీటర్ వాకర్ 1957లో తెచ్చిన ఆ స్పీకర్లో పెట్టే లేదు, పల్చటి పొర ఒకటి కదిలి ధ్వని పుట్టిస్తుంది. గొంతు, తీగ వాయిద్యాల దగ్గర దాని స్వచ్ఛత నేను మరిచిపోలేను. కానీ ధ్వని వెనక్కి కూడా పోతుంది కాబట్టి వెనక బాగా ఖాళీ కావాలి, మీ గదిలో అది కష్టం. 1979లో వచ్చిన బీ అండ్ డబ్ల్యూ 801ని అబ్బీ రోడ్ లాంటి స్టూడియోలు వాడాయి, ఆ వరస స్పీకర్లు మంచివే. ఫలానా స్టూడియోలో ఉంది అన్న మాట మీద మాత్రం కొనకండి. ఆ స్టూడియో గదిని ధ్వని కోసమే కట్టారు.

రాత్రిళ్లు తక్కువ సౌండ్‌లో వింటానన్నారు. షోరూంలో ఎవరూ దాని గురించి మిమ్మల్ని అడిగి ఉండరు. నా దృష్టిలో మీ నిర్ణయానికి కీలకం అదే. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతావాటికన్నా త్వరగా మాయమవుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి పెద్ద స్పీకర్ గొప్పదనంలో చాలా భాగం మీ రాత్రి వాల్యూమ్ దగ్గర వినిపించనే వినిపించదు. సౌండ్ తగ్గినా నాదం కుంగిపోని స్పీకర్లు కొన్ని ఉంటాయి. తగ్గించగానే ముడుచుకుని, ‘ఇంకొంచెం పెంచు’ అని వేధించేవి కొన్ని. ఇది స్పెసిఫికేషన్లో ఎక్కడా రాసి ఉండదు. ఆంప్‌లో లౌడ్‌నెస్ కాంపెన్సేషన్ (తక్కువ సౌండ్‌లో బేస్‌ని పెంచే సదుపాయం) ఉంటే రాత్రిళ్లు సంకోచించకుండా వాడుకోండి, అది ఉన్నది అందుకే.

మీరు చేయాల్సింది చెబుతాను. రెండు జతలనూ రెండు మూడు రోజుల పాటు ఇంటికి పంపమని అడగండి. పంపనంటే ఇంత డబ్బు అక్కడ పెట్టకండి, పంపేవాళ్లు దొరుకుతారు. మొదటి రోజు పోలికలు పెట్టకుండా ఒక జతతోనే ఉండండి, రెండో రోజు ఇంకోదానితో. పగలు బొలేరో, పియానో, స్ట్రాస్ అన్నీ వినండి. రాత్రి, ఇల్లు సద్దుమణిగాక, మీరు రోజూ పెట్టుకునే వాల్యూమ్‌లోనే ఒక క్వార్టెట్ పెట్టి లైటు తీసేయండి. వయోలా వెంట నడవగలిగారా, నాలుగు మూవ్‌మెంట్లూ అయ్యేదాకా లేవబుద్ధి కాలేదా, చూసుకోండి. అలా కూర్చోబెట్టింది పెద్ద జతైతే, గది గుమ్మును సరిచేసుకుని నిశ్చింతగా అదే తీసుకోండి. చిన్నదైతే, మిగిలిన డబ్బులో మంచి బరువైన స్టాండ్లు కొనండి, సబ్‌ఊఫర్ సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు. నా అంచనా చిన్నదే అని. మీరు విన్నాక ఏమైందో రాయండి, ముఖ్యంగా వయోలా గురించి.